చిన్నకుండ కనబడని సాయంత్రం

దీపం వెలిగించే ముందు వీరాయమ్మ రోజూ వాకిట్లోకి వచ్చి మొగుడి పక్కన నిలబడేది. ఎడమ చేత్తో అతని చిటికెన వేలు పట్టుకునేది. తల పైకెత్తి, పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడేది. దూరం నుంచి చూసేవాళ్ళకు ఎండబెట్టిన చేపల మీద వాలిన కాకుల గురించో, తడిసిన పిడకల గురించో చెబుతోందనిపించేది.

"కావడి నెత్తిమీదికొచ్చింది."

"చిన్నకుండ?"

"కనపడతంది. వెలుగు తక్కువే గానీ వణకడం లేదు."

"దక్షిణాన ఒంటిచుక్క?"

"లేచింది. చుట్టూ మసకేం లేదు."

అప్పుడు పోలయ్య గొంతు సవరించుకుని, ఇసుక మీద కూర్చుని ఎదురు చూస్తున్న మగవాళ్ళ వైపు తిరిగి గట్టిగా అనేవాడు. "రేపు వెళ్ళొచ్చర్రా."

వాళ్ళు లేచి, మొలగుడ్డలకంటిన ఇసుక దులుపుకుని వెళ్ళిపోయేవారు. వీరాయమ్మ లోపలికెళ్ళి దీపం పెట్టేది.

కావడి అంటే వానలు వెనకబట్టే రోజుల్లో పొద్దు వాలగానే నడినెత్తిన కనబడే మూడు చుక్కలు. నడిమి చుక్క బాగా వెలుగుతుంది, అది మనిషి. అటూ ఇటూ ఉన్నవి అతను మోసే కుండలు. వాటిలో ఒకటి మరీ చిన్నది, వెలుగు తక్కువ. సముద్రం మీంచి కంటికి ఆనని పల్చటి మసక పైకి లేచినప్పుడు పెద్ద చుక్కలన్నీ ఎప్పటిలాగే ఉంటాయి, ఆ చిన్నకుండ మాత్రం ముందుగా మాయమవుతుంది. అది కనబడని సాయంత్రం తర్వాత పడవలు నీళ్ళలోకి దించకూడదు. ఆ పల్లెలో ఇది అందరికీ తెలుసు. అయితే చూసి చెప్పే పని మాత్రం పోలయ్యది.

కాట్రేనికోనకు దిగువన, గౌతమి పాయ ఒకటి సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడ అడవికీ ఇసుక దిబ్బకీ మధ్య ఉండేది వాళ్ళ పల్లె. తాటాకు పాకలు, వలలు ఆరేసే కర్రలు, చేపలెండబెట్టే పందిళ్ళు. కోరంగిని ముంచిన ఉప్పెన ఏడు పోలయ్య ఇంకా కుర్రవాడు. ఆ ముందు సాయంత్రం చుక్కలు చూసి, పడవకు అడ్డంగా పడుకుని, నా మీద నుంచి లాక్కుపొండి అన్నాడట. తిట్టుకుంటూ ఆగిపోయారు. ఆ గాలివానలో పల్లెలో గుడిసెలు పోయాయి, ముసలివాళ్ళు కొందరు పోయారు, కానీ సముద్రం మీద ఎవరూ పోలేదు. అప్పటి నుంచి అతని మాట అంటే మాటే. తర్వాతెప్పుడో మోకాలు విరిగి సముద్రం మీదికి వెళ్ళడం మానేసినా, పట్టిన చేపల్లో అతని వాటా అతనికి వస్తూనే ఉంది.

ఆ పోలయ్యకు రేచీకటి వచ్చింది.

వీరాయమ్మకు తెలిసిన రోజు అతను గుమ్మం అనుకుని గోడకేసి నడిచి నుదురు కొట్టుకున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది.

"కల్లు ఎక్కువైందా మావా?"

పోలయ్య నవ్వలేదు. గోడను చేత్తో తడుముకుంటూ అక్కడే కూలబడ్డాడు. పగలంతా బాగానే ఉంటుందనీ, పొద్దు వాలితే గోనెసంచిలో దూర్చినట్టు అయిపోతుందనీ మెల్లగా చెప్పాడు.

"ఎప్పట్నించి?"

"నిరుడు వానల్నించి."

"మరి చుక్కలు?"

"గాలిని బట్టి చెబుతున్నాను. అలల హోరుని బట్టి. ఊహేలే."

వీరాయమ్మ తమ్ముడు అప్పన్న ఆ పడవల్లోనే వెళతాడు. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. పెళ్ళయి ఈ పల్లెకు వచ్చినప్పుడు తనతోనే తెచ్చుకుంది. ఆమెకు పిల్లలు లేరు.

"రేపు అందరికీ చెప్పేద్దాం," అంది.

"చెప్పి? కుంటికాలుతో నేనేం చెయ్యను? వలలు చిక్కు తీస్తూ కూచోనా? ఉప్పెననాడు బతికించినోడు గుడ్డోడయ్యాడని పిల్లలు గంతులేస్తారే." తడిమి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నీకు కళ్ళున్నాయి గదా."

పొన్నగంటి ఆకు వండిపెట్టింది, అవిసె ఆకు వండిపెట్టింది. సంతలో మేక కార్జం దొరికితే కాల్చి పెట్టింది. ఏదీ పనిచెయ్యలేదు. ఈలోగా పోలయ్య పగటిపూట పాక వెనక ఇసుకలో గవ్వలు పేర్చి ఆమెకు చుక్కలు నేర్పాడు. ఓపిగ్గానే నేర్పాడు. ఇది కావడి, ఈ చిన్న చుక్కల గుంపు పిల్లలకోడి, తెల్లవారుజామున దక్షిణాన తెల్లగా మండేది అగస్త్యుడు, వానలు వెనకబట్టేటప్పుడు పడమటికి వాలేది స్వాతి. సాయంత్రం ఆమె ఆ గవ్వలను పైన వెతుక్కునేది. మొదట్లో భయం. తప్పు చెబితే తమ్ముడు పోతాడన్న భయం. కొన్నాళ్ళకు ఆ భయం కిందికి దిగి, దాని మీద ఇంకేదో పేరుకుంది. వంట మధ్యలో లేచి బయటికి వచ్చేది. అన్నం మాడిన రోజులున్నాయి.

అప్పన్న పెళ్ళాం బుజ్జమ్మ పక్క పాకలోనే ఉండేది. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది.

"ఏం వదినా, మీ ఆయన చూసేది చాలదని నువ్వు కూడా మొదలెట్టేవా? ఆకాశంలో పులస దొరికితే నాకో ముక్క పెట్టు."

"రా, నువ్వూ చూడు. ఆ ఎర్రచుక్క కనపడుతుందా? మొన్న దీనికి ఇవతల ఉండేది. ఇప్పుడు అవతలకెళ్ళింది."

"చుక్కలు నడుస్తాయా ఎక్కడన్నా? తెల్లారి లేచి పని చేసుకోవాలి, పద."

అన్నదే గానీ మర్నాడు బుజ్జమ్మే వచ్చింది. తలలోంచి దువ్వెన తీసి, చెయ్యి చాపి, దాని పళ్ళతో రెండు చుక్కల మధ్య ఎడం కొలిచింది. ఆ ఎండాకాలమంతా ఇద్దరూ దువ్వెనతో ఆ ఎర్రచుక్కను కొలిచారు. అది కొన్నాళ్ళు వెనక్కి నడిచింది, ఆగింది, మళ్ళీ ముందుకు కదిలింది. వీరాయమ్మ ఆ సంగతి పోలయ్యకు చెప్పింది.

"నేనెప్పుడూ చూడలేదే," అన్నాడు. "ఇన్నేళ్ళు చూసేను. పడవలకి పనికొచ్చేవే చూసేను."

అది కాళయుక్తి సంవత్సరం. దొరల లెక్కలో పద్దెనిమిది వందల యాభై ఎనిమిది. భాద్రపదం చివర పడమట తోకచుక్క వచ్చింది.

మొదట వీరాయమ్మే చూసింది, బుజ్జమ్మను పిలిచి చూపించింది. పొగచూరిన చిన్న మరకలా ఉందది. రోజు రోజుకీ వెలుగు హెచ్చి, తోక పొడవు సాగి, లేత కొబ్బరాకు గాలికి వంగినట్టు వంగింది. పొద్దు గుంకగానే పల్లె అంతా దిబ్బ మీదికెక్కేది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూపించారు. కొందరు దండం పెట్టారు. కరువొస్తుందన్నారు కొందరు, ఉత్తరాదిన సిపాయిల్ని చంపిన పాపం ఇలా తేలిందన్నారు ఇంకొందరు. వీరాయమ్మకు ఇవేవీ పట్టలేదు. ప్రతి సాయంత్రం అది నిన్నటి చోటు నుంచి ఎంత జరిగిందో దువ్వెనతో కొలిచి, ఇంటికొచ్చి పోలయ్య అరచేతిలో వేలితో గీసి చూపించేది. తల ఇక్కడ. తోక ఇలా. స్వాతి ఇదిగో ఇక్కడ, దీని దారిలోనే ఉంది.

"తగులుద్దా?"

"తగిలేలాగే ఉంది మావా. రెండు మూడు రోజుల్లో."

పోలయ్య అరచెయ్యి మూసుకున్నాడు.

అది స్వాతిని తాకిన సాయంత్రం వీరాయమ్మ ఊళ్ళో లేదు. ఎండుచేపలు అమ్మడానికి కాట్రేనికోన సంతకు వెళ్ళింది. రేవులో పడవ ఆలస్యమైంది. నది మధ్యలో ఉండగా ఆమె చూసింది. ఎర్రటి స్వాతి తోకలోంచి తెరలోపలి దీపంలా కనబడుతోంది. పడవలో వాళ్ళు గుండెలు బాదుకున్నారు. ఆమెకు వెంటనే ఇంటికి చేరి అతని అరచేతిలో గీయాలనిపించింది.

పల్లెలో పోలయ్య ఒక్కడూ వాకిట్లో నిలబడి ఉన్నాడు. జనమంతా అతని దగ్గరికి వచ్చారు. ముందు కులపెద్ద వెంకటస్వామి ఉన్నాడు.

"పోలయ్యా, అది చుక్కని మింగేస్తంది. ఏ చుక్కరా అది? చూసి చెప్పు."

పోలయ్య అడుగుల చప్పుడు విన్నాడు, పిల్లల ఏడుపు విన్నాడు. ఆ చుక్క స్వాతి అయ్యుంటుందనీ, పడమర ఎటుందనీ అతనికి తెలుసు. అందులో ఎక్కడో తెలియదు.

"వేలెట్టి చూపించు మావా, ఆడాళ్ళు భయపడతన్నారు," అని ఎవరో అన్నారు.

అతను కళ్ళు మూసుకున్నాడు.

"దాన్ని నేను చూడను," అన్నాడు. "చుక్కలు చూసే కంటితో దాన్ని చూడకూడదు. చూస్తే చుక్కలు అబద్ధం చెబుతాయి."

వెంకటస్వామి తలగుడ్డ ముందుకు లాక్కుని కళ్ళ మీద కప్పుకున్నాడు.

"నువ్వే చూడకూడదంటే మేమెంతరా," అన్నాడు. "ఇన్నాళ్ళూ చెప్పవేం?"

మర్నాడు టముకు వేశారు. తోకచుక్క ఉన్నన్నాళ్ళూ పొద్దు వాలాక ఎవరూ ఆకాశం వైపు చూడకూడదు. మగవాళ్ళు తలగుడ్డ కళ్ళ మీదికి కట్టుకోవాలి. ఆడవాళ్ళు, పిల్లలు దీపాల వేళకు పాకల్లో ఉండాలి. కట్టుబాటు తప్పిన ఇంటితో నిప్పు, నీరు ఉండవు. పోలయ్య అన్నది ఒక్క మాటే. పితృపక్షాలు కూడా కావడంతో తక్కినదంతా పెద్దలు చేర్చారు, అందరూ ఒప్పుకున్నారు.

"ఏం చేసేవు మావా?" అంది వీరాయమ్మ.

"వేలు పెట్టి చూపించమన్నారు. ఎటు చూపించను?"

"తల నొప్పనవచ్చు. కడుపు నొప్పనవచ్చు. నేను వచ్చేదాకా ఆగమనవచ్చు."

"నువ్వు వచ్చేదాకా ఎందుకాగాలని అడగరా?"

"ఇప్పుడు నేను బయటికి రాకూడదు గదా. చిన్నకుండ ఎవరు చూస్తారు?"

పోలయ్య కొన్నాళ్ళపాటు పగటి మబ్బునీ, పక్షుల్నీ, గాలినీ చూసి చెప్పాడు. చెప్పినట్టే జరిగింది కూడా. చూడకుండానే ఇంత బాగా చెబుతున్నాడని అతని పేరు ఇంకా పెరిగింది.

వీరాయమ్మ పాక కప్పులో తాటాకు ఒకచోట కుళ్ళి జారింది. అరచెయ్యంత సందు. దాని కింద పడుకుంటే నడినెత్తి ఆకాశం కొంచెం కనబడుతుంది. మొదట రెండు రోజులు ఆమె ఆ వైపు చూడలేదు. మూడో రోజు చూసింది. ఆ సందులోకి కావడి నెమ్మదిగా వచ్చి, దాటిపోయింది. బుజ్జమ్మకు చెప్పింది.

"వద్దు వదినా. నా మొగుడు సముద్రం మీదికి వెళ్ళేవాడు."

"అందుకే గదా నేను చూసేది."

బుజ్జమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఏదో అర్థమైనట్టే ఉంది, అడగలేదు. ఆ సాయంత్రం తనూ వచ్చి ఆ సందు కింద పక్కనే పడుకుంది. "ఇంత చిన్న ముక్కలో ఏం కనపడుద్ది, గాజు ముక్కల్లా," అని గుసగుసగా నవ్వింది. తర్వాత ప్రతిరోజూ వచ్చింది.

అమావాస్య వెళ్ళిన కొద్ది రోజులకు, పగలంతా ఆకాశం కడిగినట్టున్న రోజున, వెంకటస్వామి మధ్యాహ్నం వచ్చి అడిగాడు. మొగకు అవతల చేపల మంద దిగిందని కబురు. తెల్లవారుజామున దించమంటావా? పోలయ్య గాలి చూశాడు. ఆకు కదలడం లేదు. దించుకోండన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరాడవాళ్ళూ సందు కింద పడుకున్నారు. కావడి వచ్చింది. నడిమి మనిషి ఉన్నాడు. ఒక వైపు కుండ ఉంది. రెండో వైపు ఏమీ లేదు.

"బుజ్జీ, నీకు కనపడుతుందా?"

"ఏది?"

"చిన్నకుండ."

బుజ్జమ్మ కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. "రోజూ ఉండే చోటే లేదు వదినా. మనిషి కూడా వణుకుతున్నాడు."

మబ్బేమోనని ఆగారు. మబ్బు కాదు. పెద్ద చుక్కలు ఉన్నాయి, చిన్నవన్నీ పోయాయి. బుజ్జమ్మ లేచి తన పాకకు వెళ్ళిపోయింది. వీరాయమ్మ మొగుడి దగ్గరికి వెళ్ళింది.

"చిన్నకుండ లేదు. పడవలు ఆపించు."

"పగలంతా బాగుంది గదే."

"పగటి సంగతి కాదు. నువ్వే గదా నేర్పేవు. ఆపించు."

"మాటిచ్చేసేను. ఇప్పుడు వెళ్ళి ఆపమంటే ఏం చూసి ఆపమంటున్నావంటారు. నేను చూడనన్నాను. మరెవరు చూసేరంటారు." అతను లేచి కూర్చున్నాడు. "కట్టుబాటు తప్పేవంటారే. నిన్ను బతకనిస్తారా?"

"నన్నా, నిన్నా?"

పోలయ్య చాపను పట్టుకుని తడుముతూ పక్కకు తిరిగాడు. "వెళ్ళినా తీరం పక్కనే ఉంటారు. గాలి తిరిగితే వెనక్కి రాలేరా," అన్నాడు గోడకేసి.

వేకువనే మగవాళ్ళు పడవలు నెట్టే చోటికి వీరాయమ్మ వెళ్ళింది. ఆడవాళ్ళు వెళ్ళకూడని వేళ. అప్పన్న తెడ్లు సర్దుతున్నాడు.

"ఏంటక్కా, సద్దన్నం మర్చిపోయేనా?"

"నువ్వు వెళ్ళకు. ఈ ఒక్క రోజు."

"బావ దించమన్నాడుగా."

"నేను చెబుతున్నాను. చిన్నకుండ లేదు నిన్న."

పక్కనున్నవాళ్ళు చేతిలో పని ఆపేశారు. అప్పన్న గొంతు తగ్గించాడు. "చూసేవా నువ్వు? అది ఉండగా చూసేవా?"

"చూసేను."

"ఊరుకో అక్కా. వింటన్నారు."

విన్నారు. వెంకటస్వామి మనిషిని పంపి పోలయ్యను పిలిపించాడు. ఇద్దరు చేతులు పట్టుకుని తీసుకొచ్చారు. కుంటికాలని అలా పట్టుకున్నామనుకున్నారు వాళ్ళు.

"ఏరా, నీ పెళ్ళాం పడవలు ఆపమంటంది. ఆకాశం చూసిందట. నువ్వేమంటావు?"

పోలయ్య ఎదుట చీకటి తప్ప ఏమీ లేదు. అందులో ఒకచోట వీరాయమ్మ ఉంది. ఆమె ఊపిరి అతనికి వినబడేంత దగ్గర్లోనే ఉంది. ఆమె అతని మాట కోసం చూస్తోంది. తను చూసింది ఎవరి కోసమో, ఎన్నాళ్ళుగా చూస్తోందో ఆమె నోటితో అనలేదు. అతనే అంటాడనుకుంది.

"దానికేం తెలుసు పెద్దయ్యా," అన్నాడు పోలయ్య. "కలొచ్చి ఉంటుంది."

ఎవరో నవ్వారు. "అప్పన్నని చంక దించడం లేదింకా," అన్నాడొకడు. అప్పన్నకు సిగ్గేసింది. అందరికంటే ముందు తనే పడవకు భుజం ఆనించాడు.

మూడు పడవలు వెళ్ళాయి. పొద్దెక్కేదాకా సముద్రం చెరువులా ఉంది. మధ్యాహ్నానికి ఆగ్నేయం నల్లబడింది. గాలి ఒక్క ఊపున వచ్చి పందిళ్ళను ఎత్తి మడలోకి విసిరింది. రాత్రంతా కొట్టి, తెల్లవారేసరికి ఏమీ ఎరగనట్టు తగ్గిపోయింది. ఒక పడవ యానాం వైపు ఒడ్డుకు కొట్టుకుపోయింది, అందులో వాళ్ళు బతికారు. రెండోది బోర్లపడి మొగలో దొరికింది. అప్పన్న వెళ్ళింది మూడోదానిలో. దాని తెడ్డు కూడా దొరకలేదు. వీరాయమ్మ ఒడ్డు వెంట దక్షిణంగా నడుచుకుంటూ వెళ్ళి, ఎక్కడెక్కడి శవాలో తిరగేసి చూసి, పాదాలు పగిలి వెనక్కి వచ్చింది. ఏ ముఖమూ తమ్ముడిది కాదు.

పెద్దకర్మలు అయ్యాక పల్లె కూర్చుంది. కట్టుబాటు తప్పింది ఎవరో అందరికీ తెలుసు, ఆమే స్వయంగా ఒడ్డు మీద ఒప్పుకుంది. అయినా సాక్ష్యం కావాలన్నాడు వెంకటస్వామి. బుజ్జమ్మను అడిగారు. ఆమె కడుపుతో ఉంది, ఆ సంగతి అప్పన్నకు తెలియకుండానే అతను పోయాడు.

"మీ వదిన చూడ్డం నువ్వు చూసేవా?"

"ఆయ్. చూసేను."

"నువ్వు చూసేవా ఆకాశం?"

బుజ్జమ్మ చెయ్యి కడుపు మీదికి పోయింది. "లేదండీ," అంది.

వీరాయమ్మ ఆమె వైపు తల తిప్పలేదు.

అప్పుడు పోలయ్య లేచాడు. కర్ర మీద ఆనుకుని, దాచకుండా చెప్పాడు. తనకు ఏళ్ళ తరబడి రేచీకటి అనీ, తన మాటగా వాళ్ళు విన్నవన్నీ వీరాయమ్మ కళ్ళు చూసినవేననీ, తోకచుక్కను చూడకూడదన్నది తప్పించుకోడానికి తనన్న మాటేననీ, ఆ తెల్లవారుజామున ఆమె నిజం చెబితే తను కాదన్నాననీ చెప్పాడు. చెప్పి ఏడ్చాడు.

"పొద్దు వాలనీ, చూద్దాం," అన్నాడు వెంకటస్వామి.

ఆ ఒక్క సాయంత్రానికి ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఉండనిచ్చారు, పొద్దు వాలేదాకా అందరూ తలలు వంచుకుని అలాగే కూర్చున్నారు. మసక పడ్డాక వెంకటస్వామి అతని ముఖం ముందు చెయ్యి పెట్టాడు.

"ఎన్ని వేళ్ళురా?"

"చెయ్యే కనపడదు పెద్దయ్యా."

ఆడవాళ్ళలోంచి ఒక మూలుగు లేచింది. వెంకటస్వామి చెయ్యి వెనక్కి తీసుకుని, కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"నిరుడు కావడి చూసి చెప్పేడు. మొన్న వానల్లో చెప్పేడు. ఒక్కసారన్నా తప్పేడా?" అన్నాడు జనం వైపు తిరిగి. "ఏళ్ళ తరబడి కళ్ళు లేనోడు అలా చెప్పగలడా? ఇది ఇప్పుడు పోయిన చూపు. ఇంట్లో ఆడది దాన్ని చూసింది. సముద్రం మన పిల్లల్ని తీసుకుంది, ఆ తోకచుక్క వీడి కళ్ళు తీసుకుంది."

"కాదు పెద్దయ్యా, మునుపే..."

"ఊరుకోరా. పెళ్ళాం తప్పు నెత్తిన వేసుకుంటన్నావు. మాకు తెలీదా?"

పోలయ్య ఎంత గట్టిగా చెబితే వాళ్ళకు అంత జాలి కలిగింది. ఒక ముసలమ్మ లేచొచ్చి అతని తల నిమిరింది. వీరాయమ్మ మొదటిసారి నోరు విప్పింది.

"నేనే చూసేదాన్ని. కావాలంటే అడగండి. ఇప్పుడు కావడి పడమటికి ఒరిగి ఉంటుంది. ఒంటిచుక్క దక్షిణాన, ఆ తాటిచెట్టు తలకి పైన. ఇంకొంచెం ఆగితే తూర్పున పిల్లలకోడి లేస్తుంది."

ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. కొందరు పైకి చూశారు. తాటిచెట్టు తలకి పైన ఒంటిచుక్క ఉంది. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

ఆమెకు నిప్పు, నీరు లేవన్నారు. పోలయ్య దెబ్బతిన్నవాడు గనక పల్లె పోషిస్తుందన్నారు. మర్నాడు పొద్దున్న ఆమె ఒక చీర, ఒక కంచు గిన్నె మూట కట్టుకుని రేవుకు నడిచింది. పగలు గనక పోలయ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెనకే వచ్చాడు.

"నేనూ వస్తాను."

"ఎక్కడికి?"

"నువ్వెక్కడికెళితే అక్కడికి."

ఆమె పడవ అంచు మీద కాలు పెట్టి ఆగింది. "ఆ తెల్లారుజామున నీ పక్కనే ఉన్నాను మావా," అంది. పడవెక్కి కూర్చుంది. రేవువాడు గెడ వేసి నెట్టాడు. బుజ్జమ్మ తన పాక గుమ్మంలోనే నిలబడి ఉంది, రేవు దాకా రాలేదు.

తోకచుక్క అప్పటికి పడమటి అంచు దాటి కనబడకుండా పోయింది. కట్టుబాటు ఎత్తేశారు. సాయంత్రాలు చూసి చెప్పేవాళ్ళు లేక, ఎవరికి తోచినప్పుడు వాళ్ళు వెళ్ళసాగారు. కొన్నాళ్ళకు ఆ పల్లెవాళ్ళలో కొందరు కాలువ పనులకూ, కొందరు పైవూళ్ళ కొబ్బరితోటలకూ వెళ్ళిపోయారు. మూడో ఏడు పోలయ్య విషజ్వరంతో పోయాడు. కబురు వీరాయమ్మకు సంతలో తెలిసింది. బుజ్జమ్మకు మగపిల్లాడు. ఆ పిల్లాణ్ణి వీరాయమ్మ ఇంతవరకూ చూడలేదు.

ఇప్పుడామె రాజోలు అవతల ఒక సున్నపు బట్టీలో పనిచేస్తోంది. పొద్దున్నే కాలువ గట్టున దింపిన ఆల్చిప్పల్ని గంపలకెత్తి బట్టీ దగ్గరికి మోస్తుంది. కాలిన సున్నం పొడి పడీ పడీ ఆమె కుడి కంటి చూపు పోయింది.